ముహూర్తానికి మాడిన ట్యూబు

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి వేసవిలో నన్ను ఏర్పేడు దగ్గరి ఒక ఉక్కు పైపుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ విభాగానికి అధిపతిగా వేశారు. హోదా డిప్యూటీ మేనేజర్. నా కింద ఇద్దరు ఇంజనీర్లు, షిఫ్టుకు ఇద్దరు చొప్పున ఎలక్ట్రీషియన్లు. నా పైన ప్లాంటుకంతటికీ పెద్ద అయిన ప్రొడక్షన్ మేనేజరు సుధాకర్. ఆయన పైన ఓనరు. మధ్యలో ఇంకెవరూ లేరు. తిరుపతిలో మా ఇంటి నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. అదే నా చివరి ఉద్యోగం. అక్కడ మంచి రోజులు కూడా గడిపాను, కాదనను. కానీ ఇప్పుడు రాయబోయేది వాటి గురించి కాదు. తలచుకుంటే ఈనాటికీ ఒళ్ళు మండే ఒక విజయదశమి గురించి.

పైపు ఎలా తయారవుతుందో చాలామందికి తెలియదు. ఉక్కు రేకు చుట్టను విప్పి రోలర్ల మధ్యకు పంపిస్తే అది మెల్లగా వంగి గొట్టం ఆకారానికి వస్తుంది. రెండు అంచులూ దగ్గరకు చేరిన చోట హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో వాటిని ఎర్రగా కాల్చి, పక్కల నుంచి నొక్కి అతికిస్తారు. కొత్త ఫ్యాక్టరీల్లో ఆ కరెంటు ట్రాన్సిస్టర్ల నుంచి వస్తుంది. మా ఓనరు ఎక్కడో విదేశంలో మూతపడిన మిల్లు నుంచి పాత వెల్డరును సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చారు. దాని గుండెకాయ ఒక వాక్యూమ్ ట్యూబు. పాత రేడియోల్లో బొటనవేలంత ఉండేది చూశారే, అదే జాతిది. ఇది మాత్రం నీళ్ళ బిందెంత ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ దాని చుట్టూ నీళ్ళు పారుతూ ఉండాలి.

ఆ ట్యూబులో ఫిలమెంటు అనే టంగ్‌స్టన్ తీగెల అల్లిక ఉంటుంది. అది కాలి వెలిగితేనే ట్యూబు పని చేస్తుంది. ఇక్కడే ఉంది అసలు సంగతి. వేడెక్కిన తీగె కరెంటును అదుపులో పెడుతుంది. చల్లగా ఉన్న తీగెకు అలా అడ్డుకునే శక్తి, అంటే నిరోధం, దాదాపు పదోవంతే ఉంటుంది. అలాంటి తీగెకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు దూసుకొస్తుంది. కొన్నాళ్ళు వాడిన ఫిలమెంటు అసలే పెళుసుగా ఉంటుంది. ఆ దెబ్బకు తీగెలు మెలితిరిగి తెగుతాయి. అందుకే సాఫ్ట్ స్టార్ట్ అనే ఏర్పాటు. అది వోల్టేజీని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుకుంటూ పోయి, ఫిలమెంటు పూర్తిగా కాలాకే అతుకు వేసే పెద్ద వోల్టేజీకి దారి వదులుతుంది. మొత్తం మీద మూడు నాలుగు నిమిషాల పని. భోజనానికి ఆపినా మేము ఫిలమెంటును చల్లారనిచ్చేవాళ్ళం కాదు, సన్నటి మంట మీద ఉంచినట్టు తక్కువ వోల్టేజీ మీద ఉంచేవాళ్ళం. ఇంత జాగ్రత్త పడితే అలాంటి ట్యూబు ఏళ్ళ తరబడి పని చేస్తుంది. ఇందులో రాకెట్ విద్య ఏమీ లేదు. కాస్త ఓపిక ఉంటే చాలు.

ఆ ఓపిక మా ప్లాంటులో ఏడాదికి ఒక్కరోజు ఉండేది కాదు.

పాత చిత్తూరు జిల్లాలో, ఆ పక్క తమిళ ఊళ్ళలో లాగే, ఆయుధపూజ అంటే సైకిల్ షాపు నుంచి పెద్ద మిల్లు దాకా అందరికీ పెద్ద పండగ. మహర్నవమి నాడు మిషన్లన్నీ కడిగి, చందనం కుంకుమ పెట్టి, అరటి మొక్కలు కట్టి, పూజ అయ్యాక అందరికీ బొరుగులు, పుట్నాలు పంచుతారు. ఆ రాత్రి మిషను ముట్టుకోకూడదు. దానికి విశ్రాంతి. కరెంటు మెయిన్ దగ్గరే ఆపేయాలి. మర్నాడు విజయదశమి ముహూర్తానికి గుమ్మడికాయ కొట్టి, ఓనరు బటను నొక్కితే మళ్ళీ మొదలు. అంటే ఏడాది పొడవునా చల్లారని మా ఫిలమెంటు ఆ ఒక్క రాత్రి పూర్తిగా చల్లబడుతుంది. పూజను నేను తప్పు పట్టడం లేదు. నేనూ కుంకుమ పెట్టినదాన్నే. నా కోపం వేరే.

అంతకుముందు ఏడాది, నేను చేరిన కొత్తలో, విజయదశమికి ఓనరు బటను నొక్కారు, ఏమీ కదలలేదు. సాఫ్ట్ స్టార్ట్ తన పని తాను చేసుకుంటోంది. ఫిలమెంటుకు పూర్తి వోల్టేజీ అందేదాకా రోలర్లు కూడా కదలవు. చుట్టూ బంధువులు, బ్యాంకువాళ్ళు, పార్టీ కండువాలు. హారతి కర్పూరం కొండెక్కింది. ముహూర్తానికి మిషను పలకలేదు, శకునం బాగాలేదని ఓనరు తల్లి పైకే అన్నారు. ఆ మాట పడింది సుధాకర్ మీద. ఆయన దాన్ని ఏడాదంతా కడుపులో పెట్టుకున్నాడు.

ఈసారి పూజకు రెండు రోజుల ముందు ఆయన నా క్యాబిన్‌కు వచ్చి, బటను నొక్కగానే పైపు బయటికి రావాలి, ఏం చేస్తారో చేయండి అన్నాడు. ముహూర్తానికి ముందే ఫిలమెంటు వేడి చేసి ఉంచుతాను, ఓనరు బటను నొక్కేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి అన్నాను. కుదరదట. ముహూర్తానికి ముందే మిషన్లోకి కరెంటు పారితే ఇంక ముహూర్తం ఎందుకని ఓనరు తల్లి, ఆ పెద్దావిడ, ఒప్పుకోరట. పోనీ ఆ ఒక్కరోజుకు సాఫ్ట్ స్టార్టును పక్కన పెట్టలేరా అని అడిగాడు. ట్యూబు చస్తుందని చెప్పాను. మళ్ళీ అడిగాడు. నాకు తిక్క రేగింది. మీ ఇంట్లో అన్నం ఉడకడానికి పట్టే టైము కూడా ముహూర్తాన్ని బట్టి తగ్గుతుందా అని అడిగాను. ఆయన నవ్వి, సరే మేడం, మీరు చెప్పినట్టే కానిద్దాం అని లేచి వెళ్ళాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

విజయదశమి పొద్దున నేను ప్యానెల్ గదికి వెళ్తుంటే సుధాకర్ ఎదురొచ్చాడు. హారతి తట్ట మీరే పట్టాలి మేడం, ముత్తయిదువ చేతుల మీదుగా జరగాలని పెద్దావిడ కోరిక అన్నాడు. ముప్పయ్యేళ్ళకు పైబడిన సర్వీసు నాది. హై టెన్షన్ లైన్ల మీద పని చేసిన చేతులివి. ప్రారంభం రోజున ఎలక్ట్రికల్ హెడ్డు ఉండాల్సింది ప్యానెల్ దగ్గరా, హారతి తట్ట దగ్గరా? ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆ పెద్దావిడే వచ్చి నా చేయి పట్టుకున్నారు. ఎనభై దాటిన మనిషి. ఆవిడ ముందు గొడవ పెట్టుకోలేక తట్ట అందుకున్నాను. మగవాడే నా స్థానంలో ఉంటే సుధాకర్ ఏం చెప్పి పక్కకు తప్పించేవాడో నాకు తెలియదు. నాకు మాత్రం తట్ట చాలనుకున్నాడు.

గుమ్మడికాయ పగిలింది. ఓనరు బటను నొక్కారు. నేను ఆయన పక్కనే ఉన్నాను, ఎదురుగా కంట్రోలు డెస్కు మీద ఫిలమెంటు మీటరు. మామూలుగా ఆ ముల్లు మెల్లగా, బద్ధకంగా పైకి లేస్తుంది. ఆ రోజు ఒక్క దూకుతో చివరికి వెళ్ళి కొట్టుకుంది. మరుక్షణం సున్నాకు పడిపోయింది. ఇంక లేవలేదు. పూర్తి వోల్టేజీ అందగానే కదిలిన రోలర్లు మాత్రం, వాటికి వేరే మోటార్లు కాబట్టి, తిరుగుతూనే ఉన్నాయి. అతుకు పడని పైపు పొడుగునా నోరు తెరుచుకుని బయటికి వచ్చింది. అదేమిటో తెలియని పెద్దమనుషులందరూ చప్పట్లు కొట్టారు. పెద్దావిడ హారతి కళ్ళకు అద్దుకున్నారు. సుధాకర్ అందరికంటే గట్టిగా కొట్టాడు చప్పట్లు.

తట్ట ఎవరి చేతిలో పెట్టానో కూడా గుర్తులేదు. ప్యానెల్ గదికి పరుగెత్తాను. తలుపు తీస్తే సాఫ్ట్ స్టార్ట్ రెండు కొసలనూ కలుపుతూ ఒక లావుపాటి నల్ల వైరు. అంటే కరెంటు సాఫ్ట్ స్టార్టులోకి పోకుండా నేరుగా ఫిలమెంటు మీద పడేలా ఎవరో అడ్డదారి వేశారు. పక్కనే మా ఎలక్ట్రీషియన్ మునిరత్నం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఎవడు కట్టమన్నాడ్రా అని అరిచాను. ఎప్పుడూ ఎవరినీ రా అని పిలవని దాన్ని.

“సుధాకర్ సారు, మేడం. మేడం ఒప్పుకుండాది, టైం అయిపోతా ఉండాది, బిన్నా కట్టు అని చెప్పినాడు. మీరు సూస్తే తట్ట పట్టుకోని ఆడ ఉండారు. అంతమందిలోకి వచ్చి మిమ్మల్ని యాడ అడిగేది?”

నా పేరు చెప్పి కట్టించాడు. నేను చస్తే ఒప్పుకోనన్న పనిని, నేను ఒప్పుకున్నానని చెప్పి, నా మనిషి చేత, నన్ను అవతల నిలబెట్టి చేయించాడు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది.

పండగ సెలవు అయిపోయిన మర్నాడే విచారణ అన్నారు. విచారణట! సుధాకర్, పర్సనల్ విభాగం ఆఫీసరు, నేను. మునిరత్నాన్ని నిలబెట్టి అడిగారు. వాడు జరిగింది చెప్పాడు. సుధాకర్ తాపీగా, ఆ వైరు సంగతే నాకు తెలియదు, పండగ హడావుడిలో నేను ప్యానెల్ గది ముఖమే చూడలేదు అన్నాడు. సాక్షి ఎవరూ లేరు. నోటి మాటకు సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు? అరగంటలో కాగితం తయారైంది. ఎలక్ట్రీషియన్ అజాగ్రత్త వల్ల ట్యూబు నష్టం. అతన్ని తొలగించడమే కాకుండా, అతని వైర్‌మన్ పర్మిట్ రద్దు చేయమని లైసెన్సింగ్ బోర్డుకు రాయడం. విభాగాధిపతిగా కింద నా సంతకం కావాలి.

ఆ పర్మిట్ అంటే ఏమిటో ఈ రంగంలో లేనివాళ్ళకు చెప్పాలి. కరెంటు పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. ఉద్యోగం పోతే సూళ్ళూరుపేట వైపు ఇంకో ఫ్యాక్టరీ గేటు తట్టొచ్చు. పర్మిట్ పోతే మునిరత్నాన్ని ఏ గేటూ లోపలికి రానివ్వదు, పంచాయతీ బోరు మోటారు కూడా ముట్టుకోనివ్వరు. నలభై దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. చేతికి వచ్చిన విద్య అదొక్కటే. వాడి బతుకంతా ఆ కాగితం మీద ఉంది.

నేను సంతకం పెట్టనన్నాను. బటను నొక్కగానే మిషను లేస్తే మునిరత్నానికి ఒరిగేదేమిటి? ముహూర్తం వాడిది కాదు. చప్పట్లు వాడికి కొట్టలేదు. రెండు రోజుల ముందు నా దగ్గర ఇదే పని అడిగింది ఎవరు? ఇవన్నీ ఆ గదిలోనే అడిగాను. పర్సనల్ ఆఫీసరు కిటికీ వైపు చూశాడు. సుధాకర్ మాత్రం, “మేడం, మీరు ఊరికే పెద్దది చేస్తా ఉండారు. ఒక ఎలక్ట్రీషియన్ కోసం మనలో మనకెందుకు?” అన్నాడు. మనలో మనమట. ఆ ‘మనం’లో నన్ను కలుపుకున్నందుకు నాకు ఇంకా మండింది. నా సంతకం లేకపోయినా ఆ పూటే మునిరత్నాన్ని గేటు బయటికి పంపేశారు.

ఈలోగా స్టోరులో ఉన్న ఒకే ఒక్క స్పేరు ట్యూబును బిగించే పని మొదలుపెట్టాము. ఏళ్ళుగా పెట్టెలో పడి ఉన్న ట్యూబును తీసి వెంటనే వాడకూడదు. ముందు పెద్ద వోల్టేజీ లేకుండా ఫిలమెంటును మాత్రమే చాలాసేపు కాల్చి, లోపల మిగిలిన కాస్త గాలినీ లోహం పీల్చుకోనివ్వాలి. అవన్నీ చేయించాను. చివరికి పెద్ద వోల్టేజీ ఇవ్వడానికి ఎలక్ట్రికల్ హెడ్డు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అది రూలు. అది ఇవ్వకుండా కూర్చున్నాను. మునిరత్నం మీద కాగితం వెనక్కి తీసుకునేదాకా ఇవ్వనని తెగేసి చెప్పాను. చెన్నైకి వెళ్ళాల్సిన ఆర్డరు ఆగిపోయింది. బెదిరించారు. కావాలంటే నన్నూ తీసేయండి, వచ్చే కొత్త హెడ్డు చేత సంతకం పెట్టించుకోండి అన్నాను. ఆ పాత వెల్డరు గురించి తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేరు, వెతుక్కోనిమ్మని ఊరుకున్నాను.

రెండో రోజు ఓనరే వచ్చారు. చిత్తూరు పక్క పల్లెలో చెరకు పండించే కుటుంబం నుంచి పైకి వచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడరు. నేరుగా ప్యానెల్ దగ్గరికే వచ్చి నిలబడ్డారు. వెనక సుధాకర్. షిఫ్టు మనుషులు దూరంగా గుంపుకట్టారు.

“ఏమ్మా, ఏం జరుగుతా ఉండాది?” అని అడిగారు నన్ను.

జరిగిందంతా చెప్పాను. ఎక్కడా గొంతు తగ్గించలేదు. సుధాకర్ పేరు చెప్పే చోట ఆయన వైపు చూసి మరీ చెప్పాను. ఇంక వైరు సంగతి తెలియదంటే సరిపోదని ఆయనకు అర్థమైనట్టుంది. మాట మార్చాడు. “ఆ వైరు వల్లనే ట్యూబు పోయిందని ఏం గ్యారంటీ సార్? అది పాత ట్యూబు. ఈమె డిపార్టుమెంటు సరిగా సూసుకోలేదు. ఆ పొద్దు కాకపోతే ఇంకో పొద్దు పోయేదే.”

నాకు ఒక్కసారిగా మనసు నిదానించింది. కోపం పోలేదు, చల్లబడి గట్టిపడింది. అంటే వైరు వల్ల ఏమీ కాలేదంటారా అని అడిగాను. కాలేదన్నాడు. మరి వైరు కట్టిన మునిరత్నం చేసిన తప్పేమిటి అని అడిగాను. నా టేబులు సొరుగులోంచి ఆ నల్ల వైరు తెప్పించాను. స్క్రూడ్రైవరుతో సహా ఆయన ముందు పెట్టాను. మెయిన్ ఆపే ఉంది, భయం లేదు, ఎక్కడ కట్టాలో నేను చూపిస్తాను, మీ చేత్తో కట్టండి, ఓనరుగారే బటను నొక్కుతారు, కొత్త ట్యూబుకు ఏమీ కాకపోతే మునిరత్నం మీద కాగితానికి ఇప్పుడే సంతకం పెడతాను, నా రాజీనామా కూడా పక్కన పెడతాను అన్నాను.

సుధాకర్ ఓనరు వైపు చూశాడు, ఎవరిదో పిచ్చి మాట విన్నట్టు నవ్వబోతూ. ఓనరు నవ్వలేదు.

“కట్టప్పా. నువ్వే చెప్తివి కదా, ఏం కాదని.”

సుధాకర్ వైరు వైపు చూశాడు. ట్యూబు వైపు చూశాడు. ఇంకో ట్యూబు స్టోరులో లేదని ఆయనకు తెలుసు. దాని ధర ఆయనకే బాగా తెలుసు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోనే ఉన్నాయి. బయటికి రాలేదు. ఓనరు చాలాసేపు ఆ జేబుల వైపే చూశారు. తర్వాత పర్సనల్ ఆఫీసరును పిలిచి, “ఆ మునిరత్నాన్ని రమ్మని చెప్పు. బోర్డుకు ఏమీ పంపొద్దు,” అన్నారు.

సుధాకర్ ముందున్న వైరును అవతల పెట్టి, అనుమతి కాగితం మీద సంతకం చేశాను. సాఫ్ట్ స్టార్ట్ మొదలైంది. ముల్లు తన బద్ధకంతో లేచింది. ఓనరు చేతులు కట్టుకుని అది పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. పండగ రోజున ఇంతసేపు నిలబడి ఉంటే ఇదంతా జరిగేది కాదు సార్ అన్నాను. ఆయన ముఖం మాడింది. చెప్పాల్సిన మాటే చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను.

సుధాకర్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మెమో లేదు, మందలింపు లేదు. ఆ ఏడాది చివర ఆయనకు జీతం కూడా పెరిగింది. రిటైరయ్యాక ఏడాది పొడిగింపు ఇస్తామని నాకు అంతకుముందు చెప్పిన మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. మునిరత్నం సాయంత్రం షిఫ్టుకు వచ్చాడు. పని బట్టలు వేసుకుని, నేరుగా కూలింగ్ పంపు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. అందరూ వాడికి న్యాయం జరిగిందన్నారు. చేయని తప్పుకు గేటు బయట రెండు రోజులు నిలబడి, తన ఉద్యోగం తనకు తిరిగి రావడాన్ని న్యాయం అంటే నేను ఒప్పుకోను.

ట్యూబులకు రక్షణ ఎలా పెట్టాలో పుస్తకాల్లో ఉంది. ఆ రక్షణ తీసేయమనే మనుషుల నుంచి దాన్ని ఎలా కాపాడాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఉదంతం నాకు నేర్పింది అదొక్కటే. మర్నాడే మా విభాగానికి ఒక నిబంధన పెట్టి, ప్యానెల్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. ఏ రక్షణనైనా తీసేయమని చెప్పినవారు ఎంతటి హోదాలో ఉన్నా, ఇక్కడికి వచ్చి, తమ చేత్తోనే తీయాలి. మా వాళ్ళు పక్కన నిలబడి ఎక్కడ తీయాలో చూపిస్తారు. నేను రిటైరయ్యేదాకా తీసేయమని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తలుపు దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు.